పాల్ జార్జ్‌కు నాలుగేళ్ల గరిష్ఠ ఒప్పందం: ఇవ్వాలా, వద్దా?

ఇంగిల్‌వుడ్ వాసు | 2024 జూన్ 30

ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్‌లో లాస్ ఏంజిలిస్ క్లిప్పర్స్‌కు ఆడే పాల్ జార్జ్ నిన్న తన ఆప్షన్ (పాత ఒప్పందంలోనే ఇంకో ఏడాది ఉండే హక్కు) వదులుకున్నాడు. వచ్చే సీజన్‌కు ఖాయంగా చేతికి వచ్చే 4.88 కోట్ల డాలర్లను కాదనుకుని ఫ్రీ ఏజెంట్ (ఏ జట్టుతోనైనా ఒప్పుకోగలవాడు) అయ్యాడంటే, నాలుగేళ్ల గరిష్ఠ ఒప్పందం, అంటే లీగ్ అనుమతించే అత్యధిక జీతం, ఎవరో ఒకరు ఇస్తారన్న నమ్మకం అతనికి ఉన్నట్టే. క్లిప్పర్స్ ఇస్తే మొత్తం దాదాపు 22.1 కోట్లు. బయటి జట్టు ఇస్తే 21.2 కోట్లు.

నేను క్లిప్పర్స్ అభిమానిని. అయినా ఇవ్వకూడదనే అంటాను. అతను ఆడలేడని కాదు. ఈ సీజన్‌లో 74 మ్యాచ్‌లు ఆడాడు. సగటున 22.6 పాయింట్లు, త్రీ పాయింటర్లలో 41.3 శాతం. నా భయమంతా నాలుగో ఏడాది గురించే. మే 2న అతనికి 34 నిండాయి. ఒప్పందం ముగిసేనాటికి 38 వస్తాయి. క్లిప్పర్స్ గరిష్ఠం ఇస్తే ఆ చివరి ఏడాదికే 6 కోట్లు దాటుతుంది.

జనవరిలో మా జట్టు స్టార్ కవాయ్ లెనర్డ్ గరిష్ఠం కంటే తక్కువకు, మూడేళ్లకు 15.3 కోట్లకు ఒప్పుకున్నాడు. జార్జ్‌కూ అదే కొలత ఉండాలి. మూడేళ్లయితే సరే. నాలుగోది వద్దు. మీరేమంటారు?


పదమూడో నంబర్ | 2024 జూన్ 30

వాసు గారూ, క్లిప్పర్స్ అభిమాని నోట ఈ మాట వినడం బాధగా ఉంది.

2021 గుర్తు చేసుకోండి. యూటాతో ప్లేఆఫ్ సిరీస్ 2-2 దగ్గర ఉండగా కవాయ్ మోకాలు దెబ్బతిని కూర్చున్నాడు. అయిదో మ్యాచ్ యూటాలోనే. ఆ రాత్రి జార్జ్ 37 పాయింట్లు చేశాడు. తర్వాతి మ్యాచ్‌లో సిరీస్ ముగించారు. 1970లో బఫలోలో మొదలైన ఈ జట్టు కాన్ఫరెన్స్ ఫైనల్ (లీగ్ సెమీఫైనల్ లాంటిది) చేరడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఫీనిక్స్‌లో ఓడితే ఇంటికి వెళ్లాల్సిన మ్యాచ్. అక్కడ 41 చేశాడు. కవాయ్ లేకుండా, ఒక్కడే మోశాడు.

ఇంకో సంగతి. 2019లో అతని కోసం షే గిల్జస్ అలెగ్జాండర్‌ను, గలినారీని, అయిదు మొదటి రౌండ్ పిక్‌లను (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే హక్కులను) ఓక్లహోమా సిటీకి ఇచ్చేశారు. అంత ఇచ్చి తెచ్చుకున్నవాణ్ణి ఒక్క ఏడాది దగ్గర పీటముడి వేసి, చేతికి ఏమీ రాకుండా పంపిస్తారా? ఇది ఏ రకం యాజమాన్యం?


నూజివీడు గాలి | 2024 జూన్ 30

మా వైపు మామిడి తోట కౌలుకు తీసుకునేవాడు నిరుటి కాపు చూసి ధర కట్టడు, ఈ ఏటి పూత చూసి కడతాడు. 37, 41 మూడేళ్ల కిందటి కాపు. వాటికి దండం పెడదాం. వాటికి డబ్బు ఇప్పటికే ఇచ్చేశారు.

అదీ కాక, 2020లో డెన్వర్ మీద 3-1 ఆధిక్యం నుంచి ఓడిన సిరీస్‌లో ఏడో మ్యాచ్ కూడా గుర్తు చేసుకోవాలి కదా. జార్జ్ 16 షాట్లు వేస్తే పడ్డవి 4, పాయింట్లు పది. మంచి రాత్రులు మాత్రమే ఏరుకుంటే ఎవరైనా గరిష్ఠానికి అర్హులే.

క్లిప్పర్స్‌తో అతని అయిదు సీజన్లు వరుసగా చూడండి: 48, 54, 31, 56, 74. మొత్తం 263 మ్యాచ్‌లు. అందరూ చివరి 74ను చూస్తున్నారు. ముందున్న నాలుగు అంకెలూ అతనికి 29 నుంచి 32 ఏళ్ల మధ్య వచ్చినవి. 34 తర్వాత అవి పెరుగుతాయని ఎవరైనా చెప్పగలరా?


పదమూడో నంబర్ | 2024 జూన్ 30

2019-20లో కరోనా వల్ల సీజనే కుదించారు, తర్వాతి సీజన్‌లో 72 మ్యాచ్‌లే. అవి కూడా అతని ఖాతాలో వేస్తే ఎలా అండీ? 2014లో లాస్ వేగస్‌లో అమెరికా జట్టు అభ్యాస మ్యాచ్‌లో కాలు విరిగిన తీరు చూసినవాళ్లెవరూ అతను మళ్లీ ఈ స్థాయిలో ఆడతాడనుకోలేదు. తర్వాత 2018-19లో సగటున 28 పాయింట్లతో ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడు) ఓటింగ్‌లో మూడో స్థానంలో నిలిచాడు. ఈ మనిషి శరీరం మీద పందెం కాసి ఓడినవాళ్లు చాలామంది ఉన్నారు.


లెక్కల మాస్టారు | 2024 జూన్ 30

కొత్తగా చదువుతున్నవారి కోసం ముందు నిబంధన చెబుతాను. అది తెలియకుండా మాట్లాడుకుంటే 21 కోట్లు అన్నది గాలిలో అంకెలా ఉంటుంది.

ఆటగాడి గరిష్ఠ జీతం ప్రధానంగా అతని ప్రతిభను బట్టి ఉండదు, లీగ్‌లో గడిపిన ఏళ్లను బట్టి ఉంటుంది. ఆరేళ్ల దాకా అనుభవం ఉంటే జట్టు జీతాల పరిమితిలో 25 శాతం, ఏడు నుంచి తొమ్మిదేళ్లకు 30, పదేళ్లు నిండితే 35. ఈ ఏడాది పరిమితి 14.06 కోట్ల డాలర్లు. జార్జ్ 14 సీజన్లు ఆడాడు కాబట్టి మొదటి ఏడాది 4.92 కోట్లు. ఏటా పెంపు సొంత జట్టులో 8 శాతం, బయటి జట్టులో 5 శాతం, అదీ మొదటి ఏడాది జీతం మీద. అంటే లీగ్ నిబంధనల ప్రకారం ఆటగాడు అత్యంత ఖరీదయ్యేది సరిగ్గా వయసు మళ్లుతున్నప్పుడే. పాతికేళ్ల కుర్రవాడు జట్టును ఒంటిచేత్తో నడిపినా సాధారణంగా 25 శాతం దగ్గర ఆగిపోతాడు. ఈ వ్యవస్థ ఇలా ఉన్నందుకు జార్జ్‌ను తప్పు పట్టలేం. అతను తనకు హక్కున్నదే అడుగుతున్నాడు.

ఇక వాసు గారి ప్రశ్న. జార్జ్ విలువ 4.92 కోట్లా అని అడిగితే దానికి జవాబు లేదు. క్లిప్పర్స్ యజమాని బాల్మర్‌కు డబ్బు కొరత లేదు, ఆగస్టులో కొత్త స్టేడియం తెరుస్తున్నాడు, సంతకం పెట్టడానికి అతనికి రెండు నిమిషాలు. అడగాల్సింది ఇది: ఆ సంతకం పెట్టాక జట్టు చేయలేని పనులు ఏమిటి?

లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ 2023లో కుదిరిన కొత్త ఒప్పందంలో, జట్టు మొత్తం జీతాల మీద రెండో ఏప్రన్ అనే గీత ఉంది. 2024-25కు అది 18.89 కోట్లు. ఆ గీత దాటిన జట్టు ఇద్దరు ఆటగాళ్ల జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాణ్ణి ట్రేడ్‌లో (జట్ల మధ్య మార్పిడిలో) తెచ్చుకోలేదు. మిడ్‌లెవల్ ఎక్సెప్షన్ (పరిమితి దాటినా మధ్య స్థాయి జీతానికి ఒకర్ని తెచ్చుకునే వెసులుబాటు) ఉండదు, అంటే కనీస జీతానికి వచ్చేవాళ్లు తప్ప బయటి ఫ్రీ ఏజెంట్ ఎవరూ రారు. ఏడేళ్ల తర్వాతి మొదటి రౌండ్ పిక్ గడ్డకట్టిపోతుంది, ట్రేడ్ చేయడానికి ఉండదు. తర్వాతి నాలుగేళ్లలో రెండేళ్లు గీత పైనే ఉంటే ఆ పిక్ రౌండ్ చివరికి పోతుంది. కవాయ్, జార్జ్, హార్డెన్ ముగ్గురూ ఉంటే క్లిప్పర్స్ ఆ గీత పైనే ఏళ్ల తరబడి ఇరుక్కుంటారు. ముగ్గురూ ముప్పై దాటినవాళ్లు. ఒకడు గాయపడితే ఆ ఖాళీ నింపడానికి దారి ఉండదు.

అందుకే ఒక్క ఏడాది దగ్గర పీటముడి పడింది. ఒప్పందంలో చివరి ఏడాది అంటే జీతం ఒక్కటే కాదు, ఇంకొక ఏడాది పాటు మూసుకుపోయే తలుపులు కూడా. పదమూడో నంబర్ గారూ, ఈ విషయంలో నేను యాజమాన్యం పక్షమే.


ఎక్స్‌టన్ రామం | 2024 జూన్ 30

మాస్టారూ, క్లిప్పర్స్ విషయంలో మీరు చెప్పింది సరే. ఫిలడెల్ఫియా విషయం వేరు. మాకు జీతాల్లో ఖాళీ ఉంది. టోబియాస్ హారిస్ 18 కోట్ల ఒప్పందం ఇప్పటికి ముగిసింది. న్యూయార్క్ నిక్స్‌తో ప్లేఆఫ్ ఆరో మ్యాచ్‌లో అతను సున్నా పాయింట్లతో బయటికి నడిచిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ ఖాళీ ఊరికే రాలేదు. మా గార్డు టైరీస్ మ్యాక్సీ నిరుడే తన గరిష్ఠ ఒప్పందం కుదుర్చుకోవచ్చు. జట్టు కోసం ఏడాది ఆగాడు. అందువల్ల ఈ వేసవిలో అతని పేరు మీద లెక్కలోకి వచ్చేది 1.3 కోట్లే, ఫ్రీ ఏజెంట్‌కు సంతకం పెట్టించాక మ్యాక్సీకి 20.4 కోట్లు ఇస్తారు. ఆ కుర్రవాడు గాయపడితే ఆ డబ్బంతా ఏమయ్యేదో ఆలోచించండి. ఆ త్యాగాన్ని ఓ మోస్తరు ఆటగాళ్ల మీద ఖర్చు చేస్తే ఫిలడెల్ఫియా ఊరు క్షమించదు.

1983 తర్వాత మాకు టైటిల్ లేదు. 2001లో ఐవర్సన్ జట్టు తర్వాత కాన్ఫరెన్స్ ఫైనల్ కూడా లేదు. మా సెంటర్ ఎంబీడ్‌కు 30 వచ్చాయి, మోకాళ్ల సంగతి అందరికీ తెలుసు. మాకున్నది రెండు మూడేళ్లే. నాలుగో ఏడాది భయం అప్పుడు చూసుకుంటాం.


హనుమకొండ సెంటర్ | 2024 జూలై 1

విశ్వవిద్యాలయ జట్టుకు ఆడినవాణ్ణి, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను. ఆట వైపు నుంచి ఒక మాట.

అందరూ వయసు అంటున్నారు కానీ ఏ నైపుణ్యం వయసుతో పోతుందో విడదీయడం లేదు. జార్జ్ షాట్ పోదు. 6 అడుగుల 8 అంగుళాల ఎత్తు, పైనుంచి వదిలే చెయ్యి, 90 శాతం పైగా ఫ్రీ త్రోలు. అది 38లోనూ ఉంటుంది. ముందు పోయేది మొదటి అడుగు. ప్రత్యర్థి స్క్రీన్ (అడ్డుగా నిలబడిన సహచరుడు) వెనక నుంచి దూసుకువస్తే అతన్ని వెంటాడి ముందుకు రావడం, బంతి పట్టుకుని రిమ్ (బుట్ట) దాకా వెళ్లి ఫౌల్ రాబట్టడం, ఈ రెండూ తగ్గుతాయి. మొన్న డాలస్‌తో ఆరు మ్యాచ్‌ల్లో అతని సగటు 19.5. రిమ్ దగ్గరికి వెళ్లడం మానేసి దూరం నుంచే పని కానిచ్చిన సందర్భాలు నేను చాలా చూశాను.

కాబట్టి అతన్ని మొదటి ఆటగాడిగా కొనేవాడు నష్టపోతాడు. మూడో ఆటగాడిగా, పక్కన ఎంబీడ్ ఇద్దరు డిఫెండర్లను లాక్కుంటుంటే, మూలలో నిలబడే జార్జ్ ఇప్పటికీ చాలా ప్రమాదకరం. మూడో ఆటగాడికి మొదటి ఆటగాడి జీతం ఇవ్వచ్చా అన్నది మీ మీ జట్ల ఇష్టం. నేనైతే ఫిలడెల్ఫియాకు ఇవ్వమనే చెబుతాను, లాస్ ఏంజిలిస్‌కు వద్దంటాను.


ఎక్స్‌టన్ రామం | 2024 జూలై 1

అయిపోయింది! తెల్లవారుజామున వార్త వచ్చింది. నాలుగేళ్లు, 21.2 కోట్లు, చివరి ఏడాది అతని ఇష్టం. పాల్ జార్జ్ మావాడు.

ఎంబీడ్, మ్యాక్సీ, జార్జ్. పొడవైనవాడు, వేగమైనవాడు, షూటర్. ముగ్గురూ ఒకరి దారికి మరొకరు అడ్డు రారు. బాస్టన్‌ను ఎదుర్కోవడానికి వాళ్ల టాటమ్, బ్రౌన్ మీద నిలబడే పొడవైన వింగ్ మాకు ఇన్నేళ్లూ లేడు. ఇప్పుడున్నాడు.


నూజివీడు గాలి | 2024 జూలై 1

అభినందనలు రామం గారూ. మీ సంతోషం చెడగొట్టాలని కాదు, ఒక లెక్క మాత్రం చెప్పాలి. వచ్చే సీజన్‌లో ఎంబీడ్‌కు 5.14, జార్జ్‌కు 4.92, మ్యాక్సీకి 3.51. కలిపితే 13.57 కోట్లు. పరిమితి 14.06. ముగ్గురి జీతాలే పరిమితిలో 96 శాతం.

ఎంబీడ్ నిరుడు 39 మ్యాచ్‌లు ఆడాడు. ఇద్దరు గాయాల మనుషులను పక్కపక్కన పెట్టి, మిగతా బెంచి మొత్తాన్ని చౌకగా నింపుతున్నారు. ఇద్దరూ ఏప్రిల్‌లో ఒకేసారి ఆరోగ్యంగా ఉంటారన్న దాని మీద జట్టు అంతా నిలబడింది.

అదే ఖాళీని విడగొట్టి ఉంటే? ఐజయా హార్టెన్‌స్టైన్‌కు ఓక్లహోమా సిటీ మూడేళ్లకు 8.7 కోట్లు ఇచ్చింది. కాల్డ్‌వెల్ పోప్‌కు ఆర్లాండో మూడేళ్లకు 6.6 కోట్లు ఇచ్చింది. ఇద్దరి తొలి ఏడాది జీతాలు కలిపితే జార్జ్ జీతం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఎంబీడ్ కూర్చున్న రాత్రి ఆడించడానికి అసలైన సెంటర్ ఒకడు, గార్డులను ఆపడానికి ఒకడు దొరికేవారు. మూడేళ్లతో ముగిసిపోయేది కూడా.


లెక్కల మాస్టారు | 2024 జూలై 1

గాలి గారి లెక్క సరైనదే కానీ రామం గారి వైపు కూడా ఒక లెక్క ఉంది. ఫిలడెల్ఫియాలో జార్జ్ జీతం ఏటా మొదటి ఏడాది మీద 5 శాతమే పెరుగుతుంది: 4.92, 5.17, 5.41, 5.66. కొత్త టీవీ ఒప్పందాలు వస్తున్నాయి, పరిమితి ఏటా 10 శాతం దాకా పెరగవచ్చు. నిజంగా అంతే పెరిగితే నాలుగో ఏడాదిలో అతని వాటా 35 నుంచి 30 శాతం దగ్గరికి దిగుతుంది. బయట నుంచి చూసేవాళ్లు 5.66 కోట్లు చూసి హడలిపోతారు. జట్టు లెక్కలు చూసేవాడు వాటా చూస్తాడు.

పాత ఉదాహరణలు రెండు వైపులా ఉన్నాయి. క్రిస్ పాల్‌కు 33 ఏళ్ల వయసులో హ్యూస్టన్ నాలుగేళ్లకు 16 కోట్లు ఇచ్చింది. ఏడాది తిరగకుండానే ఆ ఒప్పందం బండరాయి అని అందరూ అన్నారు, వదిలించుకోవడానికి పిక్‌లు ఎదురిచ్చారు. అదే ఒప్పందం మీద 2021లో ఫీనిక్స్‌ను ఫైనల్‌కు తీసుకువెళ్లాడు. 2019లో క్లే థామ్సన్ మోకాలి లిగమెంట్ తెగి ఉండగానే గోల్డెన్ స్టేట్ అయిదేళ్లకు 19 కోట్లు ఇచ్చింది. రెండు సీజన్లు పూర్తిగా పోయాయి. మూడో సీజన్‌లో టైటిల్ వచ్చింది. ఇంకో వైపు జాన్ వాల్. వాషింగ్టన్ ఇచ్చిన 17 కోట్ల పొడిగింపు మొదలు కాకముందే మడమ నరం తెగింది, ఆ ఒప్పందం మొదటి ఏడాదిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

నా దృష్టిలో తేడా ఇది: క్లే పక్కన కర్రీ ఉన్నాడు. పాల్ వెళ్లిన చోట బుకర్ ఉన్నాడు. పెద్ద ఒప్పందం ఉన్న ముసలివాడు పనికొచ్చేది, అతను లేని రోజున జట్టును నడిపేవాడు పక్కన గట్టిగా నిలబడి ఉన్నప్పుడే. ఫిలడెల్ఫియాలో ఆ మనిషి ఎంబీడ్ అని మీరు అనుకుంటున్నారు. నేను మ్యాక్సీ అనుకుంటున్నాను. అతనికి 23 ఏళ్లే. అంత బరువు అప్పుడే అతని మీద పెట్టడం నాకు నచ్చలేదు.


పదమూడో నంబర్ | 2024 జూలై 9

జార్జ్ తన పాడ్‌కాస్ట్‌లో అంతా చెప్పాడు. క్లిప్పర్స్ మొదట ఇస్తామన్నది రెండేళ్లు, 6 కోట్లు. ఆల్ స్టార్‌కు, జట్టును మొదటిసారి కాన్ఫరెన్స్ ఫైనల్‌కు చేర్చినవాడికి! చివరికి కవాయ్ ఒప్పందమే తనకూ సరిపోతుందన్నాడు, కాకపోతే తన అనుమతి లేకుండా ట్రేడ్ చేయకూడదన్న షరతు అడిగాడు. అదీ ఇవ్వలేదు. అప్పుడే నాలుగేళ్లు కావాలన్నాడు.

వాసు గారూ, మీరు మొదటి రోజు చెప్పిన మూడేళ్లకు అతను సిద్ధంగానే ఉన్నాడు. ఇప్పుడేమంటారు?


ఇంగిల్‌వుడ్ వాసు | 2024 జూలై 9

ఆ మొదటి బేరం అవమానకరంగా ఉందని అతను అనుకోవడంలో తప్పు లేదు. నేనైనా అలాగే అనుకునేవాణ్ణి.

కానీ ఆ షరతు నాలుగో ఏడాది కంటే బరువైనది. బ్రాడ్లీ బీల్‌కు 2022లో వాషింగ్టన్ అయిదేళ్లకు 25.1 కోట్లతో పాటు ఆ షరతు కూడా ఇచ్చింది. ఏడాది తర్వాత అతను వెళ్తానన్న చోటికే పంపాల్సి వచ్చింది. ఇప్పుడు ఫీనిక్స్ అతన్ని కదపలేకపోతోంది. వయసు మళ్లిన ఆటగాడి దగ్గర జట్టుకు మిగిలే ఒకే ఒక్క రక్షణ, అవసరమైతే ట్రేడ్ చేయగలగడం. అది కూడా రాసిచ్చేస్తే మూడేళ్లయినా ఒకటే, అయిదేళ్లయినా ఒకటే.


పదమూడో నంబర్ | 2024 జూలై 9

మనిషి సొంత ఊళ్లో, పామ్‌డేల్ పక్కన, పిల్లలను పెంచుకుంటూ ఆడతానన్నాడు. అమ్మేయవద్దని మాట అడిగాడు. దాన్ని రక్షణ, బరువు అంటున్నారు. ఒక ఆటగాడి వైపు నుంచి కూడా చూడండి. 2014లో కాలు విరిగిన తర్వాత ఎవరు ఎంతకాలం ప్రేమిస్తారో అతనికి బాగా తెలుసు. దొరికినప్పుడు దొరికినంత తీసుకోవడం అతని బాధ్యత, తన ఇంటివాళ్ల పట్ల.


లెక్కల మాస్టారు | 2024 జూలై 10

ఆటగాడి వైపు నుంచి మీ మాటకు ఎదురు లేదు. తీసుకోవడం అతని హక్కు. ఇవ్వడం తెలివైనదా అన్నది వేరే ప్రశ్న, మనం మాట్లాడుతున్నది రెండో దాని గురించి.

ఇంకో విషయం గమనించండి. బ్రన్సన్ ఈ వారంలోనే న్యూయార్క్‌తో నాలుగేళ్లకు 15.65 కోట్లకు ఒప్పుకోబోతున్నాడన్న వార్త వస్తోంది. ఏడాది ఆగితే దాదాపు 11.3 కోట్లు ఎక్కువ వచ్చేది. ఇలాంటివాళ్లు అరుదు. అభిమానులు ప్రతి ఆటగాడి నుంచి అది ఆశించడం అన్యాయం.


ఎక్స్‌టన్ రామం | 2025 ఏప్రిల్ 14

ఈ చర్చను మళ్లీ పైకి తెస్తున్నాను, ఎందుకంటే సీజన్ నిన్నటితో ముగిసింది. 24 గెలుపులు, 58 ఓటములు.

జార్జ్ 41 మ్యాచ్‌లు ఆడాడు, సగటు 16.2, త్రీ పాయింటర్లు 35.8 శాతం. సీజన్ మొదలు కాకముందే ఎడమ మోకాలు వంకర తిరిగింది, నవంబర్‌లో మళ్లీ అదే. మార్చిలో ఇక ఈ సీజన్‌లో ఆడించబోమన్నారు. ఎంబీడ్ 19. మ్యాక్సీ 52. ముగ్గురూ కలిసి కోర్టు మీద ఉన్నది 15 మ్యాచ్‌లే. మెకేన్ అనే కుర్రవాడు ఆశ పుట్టించాడు, డిసెంబర్‌లో అతని మోకాలూ పోయింది.

నాకు కోపం జార్జ్ మీద లేదు. గాయం ఎవరూ కోరి తెచ్చుకోరు. కోపం సెప్టెంబర్ మీద. ఎంబీడ్‌కు ఇంకా రెండేళ్ల ఒప్పందం మిగిలి ఉండగానే, ఆ ఎడమ మోకాలి శస్త్రచికిత్స జరిగిన ఏడాదిలోనే, ఇంకో మూడేళ్లకు 19.3 కోట్లు ఇచ్చారు. జార్జ్‌ను ఇప్పుడే గెలవడానికి తెచ్చారు, అది అర్థమవుతుంది. ఇప్పుడే గెలవాలనుకునేవాళ్లు 2029 దాకా ఎందుకు కట్టుబడాలి?


నూజివీడు గాలి | 2025 ఏప్రిల్ 14

రామం గారూ, మీరు సెప్టెంబర్ అంటున్నారు, నేను జూలై అంటాను. రెండూ ఒకే ఆలోచన నుంచి వచ్చాయి. పేరున్నవాళ్లను పోగేస్తే జట్టు అవుతుందన్న ఆలోచన అది.


హనుమకొండ సెంటర్ | 2025 ఏప్రిల్ 15

నేను ఈ సీజన్‌లో అతని మ్యాచ్‌లు వీలైనన్ని చూశాను. మన వైపు పొద్దున్నే వస్తాయి కాబట్టి పిల్లల అభ్యాసానికి ముందు చూడగలిగాను. అతన్ని మూడో ఆటగాడిగా వాడుకోమన్నాను. ఆ అవకాశమే రాలేదు. ఎంబీడ్ లేని రాత్రులు ఎక్కువ, ఆ రాత్రుల్లో జార్జ్ చేతికి బంతి ఇచ్చి నువ్వే ఏదో ఒకటి చెయ్యి అన్నారు. మోకాలు బాగా లేని మనిషి డ్రిబుల్ చేసుకుంటూ వెళ్లి, వెనక్కి అడుగు వేసి, చేతులు అడ్డం ఉండగా షాట్ వేయాల్సి వచ్చింది. ఆ షాట్లు పడలేదు.

16.2 చూసి అతను అయిపోయాడని రాసేవాళ్లతో నేను ఏకీభవించను. అతన్ని తప్పు పనికి పెట్టారు. కానీ 35 శాతం జీతం తీసుకునేవాణ్ణి తప్పు పనికి కూడా పెట్టాల్సి వస్తుంది, తప్పదు. అంత డబ్బు ఒకచోట పోసినప్పుడు ఆ పని చేయడానికి ఇంకొకరిని తెచ్చుకునే వీలు ఉండదు.


పదమూడో నంబర్ | 2025 ఏప్రిల్ 15

సెంటర్ అన్నా, చాలా రోజుల తర్వాత అతని గురించి ఒకరు న్యాయంగా రాశారు. ధన్యవాదాలు. ఆరోగ్యంగా ఉంటే అతను ఇప్పటికీ లీగ్‌లో మొదటి 30 మందిలో ఉంటాడని నా నమ్మకం. వచ్చే సీజన్ చూడండి.


ఇంగిల్‌వుడ్ వాసు | 2025 మే 5

ఇటు వైపు సంగతి కూడా రాయాలి. జార్జ్ వెళ్లాక క్లిప్పర్స్ ఏప్రన్ కిందికి దిగారు. దానితో మిడ్‌లెవల్ ఎక్సెప్షన్ చేతికి వచ్చింది. డెరిక్ జోన్స్ జూనియర్‌ను మూడేళ్లకు 3 కోట్లకు తెచ్చారు. బటూమ్ తిరిగొచ్చాడు, క్రిస్ డన్ వచ్చాడు. ముగ్గురూ డిఫెన్స్ ఆడేవాళ్లు. నార్మన్ పవెల్‌కు ఎక్కువ బంతి దొరికింది, సగటు 21.8కి చేరింది. కవాయ్ 37 మ్యాచ్‌లే ఆడినా 50 గెలిచారు. జార్జ్ ఉన్నప్పుడు 51.

మొన్న డెన్వర్ చేతిలో ఏడో మ్యాచ్‌లో చిత్తుగా ఓడారు, ఆ రాత్రి ఒక్క షాట్ కూడా సరిగ్గా పడలేదు. అది వేరే బాధ. కానీ ఒక గరిష్ఠ ఆటగాడు వెళ్లిపోయి, బదులుగా ఏమీ రాకపోయినా, గెలుపులు ఒక్కటే తగ్గాయి. ఈ లీగ్‌లో మధ్య స్థాయి జీతానికి వచ్చే మంచి డిఫెండర్ విలువను మనం ఎంత తక్కువగా చూస్తున్నామో నాకు ఈ సీజన్ చూపించింది.


నూజివీడు గాలి | 2025 జూన్ 24

ఓక్లహోమా సిటీ ఛాంపియన్లు. షే గిల్జస్ అలెగ్జాండర్ ఎంవీపీ, ఫైనల్స్ ఎంవీపీ కూడా. అయిదో మ్యాచ్‌లో 40 పాయింట్లు చేసిన జేలెన్ విలియమ్స్, 2019లో జార్జ్ కోసం క్లిప్పర్స్ ఇచ్చిన పిక్‌లలో ఒకదానితో వచ్చినవాడు. సెంటర్ హార్టెన్‌స్టైన్, నిరుడు నేను చెప్పిన 8.7 కోట్లవాడు. వాళ్లలో ఒక్కరికీ ఈ సీజన్‌లో 35 శాతం జీతం లేదు.


లెక్కల మాస్టారు | 2025 జూన్ 24

గాలి గారూ, దీన్ని అంత సూటిగా వాడుకోకూడదు. షే కుర్రవాడిగా వచ్చాడు, విలియమ్స్ ఇంకా తొలి ఒప్పందంలోనే ఉన్నాడు. వాళ్లకూ త్వరలో గరిష్ఠాలు ఇవ్వాల్సిందే, అప్పుడు ఆ జట్టూ ఇదే గీతల దగ్గర ఇబ్బంది పడుతుంది. మీరు జార్జ్ బదులు సూచించిన రెండో పేరు కాల్డ్‌వెల్ పోప్. అతను ఆర్లాండోలో షాట్ పోగొట్టుకుని, ఈ నెలలోనే మెంఫిస్‌కు ట్రేడ్ అయ్యాడు. కానీ చూడండి, ఆర్లాండో అతన్ని ఏడాదిలో పంపించగలిగింది, పైగా మెంఫిస్ ఆటగాడు బేన్‌ను తెచ్చుకోవడంలో అతని జీతమే పనికొచ్చింది. 2 కోట్ల తప్పు సరిదిద్దుకోవచ్చు. 5 కోట్ల తప్పు అలా కుదరదు.


ఎక్స్‌టన్ రామం | 2025 జూలై 15

జార్జ్ ఎడమ మోకాలికి శస్త్రచికిత్స జరిగిందని నిన్న ప్రకటించారు. వ్యాయామం చేస్తుండగా గాయమైందట. సీజన్ మొదలయ్యే నాటికి ఎలా ఉంటాడో తెలియదు.

మంచి వార్తలు లేకపోలేదు. అంత ఘోరంగా ఓడినందుకు మొదటి ఆరు స్థానాల్లో వస్తేనే మాకు మిగిలే, లేకపోతే వేరే జట్టుకు పోయే పిక్ మిగిలింది, మూడో స్థానంలో ఎడ్జ్‌కూమ్ అనే కుర్రవాడు వచ్చాడు. ఫిబ్రవరిలో డాలస్ నుంచి వచ్చిన క్వెంటిన్ గ్రైమ్స్ 28 మ్యాచ్‌ల్లో సగటున 21.9 చేశాడు. ఇప్పుడు అతను ఫ్రీ ఏజెంట్, మా దగ్గరే ఉండాలని ఊరంతా కోరుకుంటోంది. మాస్టారూ, అడిగేస్తున్నాను: జార్జ్‌ను ఎక్కడికైనా పంపే దారి ఉందా? గ్రైమ్స్‌కు ఎంత ఇవ్వగలం?


లెక్కల మాస్టారు | 2025 జూలై 15

మొదటి ప్రశ్నకు జవాబు: ఇప్పుడు లేదు. వచ్చే సీజన్‌లో 5.17 కోట్లు తీసుకునేవాడు, ఇంకా మూడేళ్లు మిగిలినవాడు, మోకాలికి కట్టు ఉన్నవాడు. అతన్ని తీసుకునే జట్టు దాదాపు అంతే జీతాన్ని వెనక్కి పంపాలి, పైగా పిక్‌లు అడుగుతుంది. ఎడ్జ్‌కూమ్‌నో, ముందు ముందు పిక్‌లనో ఇచ్చి వదిలించుకోవడం కంటే ఉంచుకోవడం మేలు. జనవరి దాకా ఆడించి చూడాలి. సగటున 18 పాయింట్లు, మూలలోంచి త్రీలు, 50 మ్యాచ్‌లు చూపిస్తే అప్పుడు ఎవరైనా ఫోను ఎత్తుతారు.

రెండో ప్రశ్న. ఎంబీడ్ 5.52, జార్జ్ 5.17, మ్యాక్సీ 3.80. మొత్తం 14.49 కోట్లు. మొదటి ఏప్రన్ (రెండోదాని కింద ఉండే గీత) 19.59, రెండోది 20.78. ఆ 14.49 తీసేసి, మిగిలిన పదిపన్నెండు మంది జీతాలు వేసి, అప్పుడు గ్రైమ్స్ దగ్గరికి రావాలి. అతను ఏడాదికి 2 కోట్లు అడిగితే జట్టు ఏప్రన్ దగ్గర తచ్చాడుతుంది. 25 ఏళ్ల కుర్రవాడు, 21.9 సగటు, బేరం మాత్రం జార్జ్ జీతం మిగిల్చిన చోట జరగాలి. గ్రైమ్స్ గురించి వేరుగా ఒక చర్చ మొదలుపెట్టండి రామం గారూ, పూర్తి పట్టిక అక్కడ వేస్తాను.